తీరికవేళల వడ్రంగము: ఇంటికిని ఊరికిని నడుమ

ఉదయము మొదలు సాయంకాలము వరకు కాగితముల మీదను, కంప్యూటరు తెర మీదను గడచిపోవు జీవితములో, ఒక వస్తువును తన చేతులతో ఆరంభించి, తన కన్నుల యెదుటనే పూర్తిచేసి, దానిని నలుగురు వాడుకొనుచుండగా చూచి ఆనందింపవలెనను కోరిక విద్యావంతులైన గృహస్థులలో నానాటికి బలపడుచున్నది. కొందరు మొక్కలు పెంచుచున్నారు. కొందరు వీణ నేర్చుకొనుచున్నారు. మఱికొందరు ఉలియు రంపమును చేతబట్టుచున్నారు. ఈ కడపటివారి సమస్య తక్కినవారి సమస్యకంటె జటిలమైనది. ఏలయన వడ్రంగము ఇంటిలో చోటు కోరును, చప్పుడు చేయును, పొట్టు రాల్చును, సొమ్ము అడుగును. అన్నిటికంటె మిన్నగా ఆదివారములను అడుగును. ఆ ఆదివారములనే ఇంటివారును కోరుదురు, వృద్ధులైన తల్లిదండ్రులును కోరుదురు, అపార్ట్‌మెంటు సంఘమును, గుడి కమిటీయును, పిల్లల బడియును, బంధువుల పెండ్లిండ్లును కోరును.

వడ్రంగమునకును ఇంటి, ఊరి బాధ్యతలకును పొత్తు కుదరదని తలంచి కొందరు పనిముట్లను అటుకెక్కించుచున్నారు. కొందరు గది తలుపు మూసికొని ఇంటివారికి పరాయివారగుచున్నారు. ఈ రెండు మార్గములును అనవసరములే. పనిలో ఎచ్చట మనుష్యుడు కదలక నిలువవలెనో, ఎచ్చట చెక్క తనంతట తాను వేచియుండునో ఎరిగినవానికి ఈ వైరము చాలవరకు తీరిపోవునని నా దృఢవిశ్వాసము.

మన పల్లెలలో వడ్రంగము ఏకాంతమున చేయు వినోదముగా ఎన్నడును లేదు. గ్రామపు ఆయగాండ్రలో ఒకడైన వడ్రంగి రైతులకు నాగళ్లు, గుంటకలు, గొర్రులు, బండిచక్రములు చేసియిచ్చి, విరిగినవానిని బాగుచేసి, పంట కళ్లమునకు వచ్చినపుడు తన మేరను ధాన్యరూపమున కొలిపించుకొనెడివాడు. అతని పనికి తిథి నిర్ణయించినది అతని ఇష్టము కాదు, ఊరి అవసరము. ఏరువాకకు ముందు నాగలి సిద్ధము కావలెను. కోతలు ముగియులోపల బండి కదలవలెను. ముహూర్తమునకు ముందు పీటలు పెండ్లిపందిరి చేరవలెను. అందుకు ప్రతిగా ఊరును అతనిని గౌరవించెడిది. ద్వారబంధము నిలుపునాడు గృహయజమాని పసుపుకుంకుమలతో పూజించి, వడ్రంగికి నూతనవస్త్రములు సమర్పించు ఆచారము నేటికిని అనేక గ్రామములలో చెల్లుచున్నది. అట్టి పనివానికి ఇల్లు, ఊరు, వృత్తి అను మూడును ఒకే కాలప్రవాహములో కలిసియుండెను. తీరికవేళల పనిచేయువానికి ఆ కట్టుబాటు లేదు. జీవనాధారము వేరొకచోట ఉన్నందున అతని పీట నేడు పూర్తియైనను, ఏడాదికి పూర్తియైనను అడుగువారు లేరు. ఈ స్వేచ్ఛ మధురమైనది. అయితే అడుగువారు లేని పనికి హద్దులును లేవు కనుక, వెనుకటి వడ్రంగికి వాన విధించిన నియమమును ఇతడు తనకు తానే విధించుకొనవలసియున్నది.

ఆ నియమమునకు మూలము పని స్వభావములోనే కలదు. వడ్రంగములో కాలము ఒకే రీతిగా నడువదు. మధ్యలో విడువరాని కాలము ఒకటి. ఎప్పుడైనను నిలిపి మరల ఎత్తుకొనదగిన కాలము మఱియొకటి. మన చేయి అక్కరలేక చెక్కయే తన పని తాను చేసికొను కాలము మూడవది. ఇండ్లలో పుట్టు కలహములలో అధికభాగము ఈ మూడింటిని కలగాపులగము చేయుటవలననే పుట్టుచున్నది.

వంటింటి అటుకు అందుకొనుటకు పనికివచ్చు నాలుగుకాళ్ల ఎత్తుపీటను ఉదాహరణముగా తీసికొందము. నాలుగు కాళ్లను నాలుగు అడ్డకర్రలు కలుపును. ప్రతి అడ్డకర్రకు రెండు కొనలయందు కూసములు, కాళ్లయందు వానికి సరిపడు బెజ్జములు. ఎనిమిది కూసములకును, ఎనిమిది బెజ్జములకును బంక రాచి, ఒకదాని వెంట ఒకటి కొయ్యసుత్తితో దిగగొట్టి, మూలమట్టము ఆనించి చూచి, పై నుండి రెండు కర్ణములను కొలిచి అవి సమానముగా ఉన్నవని నిశ్చయించుకొని, క్లాంపులు బిగించువరకు మనకు దక్కునది సుమారు పదినిమిషములు. ఫెవికాల్ వంటి తెల్లబంక మన వేసవి గాలికి అంతకంటెను త్వరగా పొర కట్టును. ఆ వ్యవధిలో ఫోను మ్రోగినను, పొయ్యిమీద పాలు పొంగినను, వాకిట చుట్టము నిలిచినను పనివాడు కదలలేడు. కదలినచో కూసము సగము దిగి అచ్చటనే బిగుసుకొనును. ఊడబెరుకబోయిన కర్ర చీలును. కర్ణములు సరిచూడక విడిచిన పీట నాలుగు కాళ్లమీద నిలువక ఒక ప్రక్కకు ఊగును.

కాని ఇట్టి నిమిషములు ఒక పీట మొత్తములో ఎన్ని? ఒక సాయంకాలములో స్వల్పభాగము. బంకడబ్బా మూత తీయుటకు ముందు "ఒక్క పావుగంట నన్ను పిలవకండి" అని ఇంటివారితో చెప్పుకొన్నచో చాలును. చెప్పక మొదలుపెట్టి, పిలిచినందుకు కసరుకొనువాడు తప్పు తనయందే కలదని గ్రహింపవలెను. చిత్రిక పట్టుట, గరుకు కాగితముతో రుద్దుట, గీతలు గీయుట, ఉలి నూరుట మొదలగునవన్నియు రెండవ తెగకు చేరినవి. వీనిని తల్లి పిలిచిన మరుక్షణము విడిచి లేవవచ్చును. పావుగంట దొరికినను ఎత్తుకొనవచ్చును. పని చెడునని నెపము చెప్పి గరుకు కాగితమును పట్టుకొని కూర్చుండుట తనను తాను వంచించుకొనుటయే.

మూడవ తెగ కాలము అన్నిటికంటె విస్తారమైనది. పచ్చికర్రను కోసి నీడలో పేర్చినపుడు అంగుళము మందమునకు సుమారు ఒక ఏడాది ఆరవలెనని పనివారి లెక్క. ఆరిన పలకను కొని తెచ్చినను, నడుమ పుల్లలుంచి గాలియాడునట్లు పేర్చి, కొన్నివారములు ఇంటి గాలికి అలవాటు పడనీయవలెను. లేనిచో వానకాలమున ఉబ్బి, వేసవిలో కుదించుకొని, సొరుగు తెరవనీయదు, మూతపడనీయదు. కర్ర నిడివివైపు ఇంచుమించుగా మారదు, అడ్డముగానే మారును. ఈ ఒక్క విషయము ఎరిగినవాడు బల్లపై పలకను నలువైపుల బిగించి చీల్చుకొనడు. బంకకు పూర్తి బలము రావలెనన్న ఒక రేయింబవళ్లు కావలెను. లక్కపూత త్వరగా ఆరును గాని, అవిసెనూనె పూత పూతకును దినములు పట్టును. ఈ వేచియుండు కాలమంతయు ఇంటిదే, ఊరిదే. బిడ్డ చదువునకు, ఆసుపత్రికి, పెండ్లికి, సంఘపు సమావేశమునకు ఇందుండియే కాలము దొరకుచున్నది. సందేహము కలిగినపుడు ఆగవలసినది చెక్కయే. అది ఓర్పు గలది. పసిబిడ్డ పసితనము ఆగదు, ముసలితల్లి మాట వినుటకు రేపు కుదురునను భరోసా లేదు.

మన పంచాంగమును కొంచెము శ్రద్ధగా చూచినచో అదియును ఈ పనికి తోడ్పడును. మాఘ ఫాల్గుణములు, వైశాఖము, శ్రావణము ముహూర్తములతో నిండియుండును; ఆ మాసములలో పెద్దపని తలపెట్టినవాడు పెండ్లికి వెళ్లినను మనస్సు బల్లయొద్ద ఉండును, బల్లయొద్ద కూర్చున్నను బంధువుల నిష్ఠురము చెవిలో మ్రోగును. ఆషాఢమును పుష్యమును శుభకార్యములు లేని మాసములు. ఆదివారములు తెరపిగా దొరకు ఆ దినములే కూసములు కోయుటకును, బంక పెట్టుటకును తగినవి. దసరాకు గాని సంక్రాంతికి గాని బొమ్మల కొలువు మెట్లు చేయదలచినవాడు పండుగ దినమునుండి వెనుకకు లెక్కించుకొనవలెను: చివరి రెండువారములు రంగులకు, పూతలకు, అంతకు ముందు మాసము అమరికకు, దానికి ముందు చెక్క ఇంటి గాలికి అలవాటుపడుటకు. దసరా మెట్లకు చెక్క జ్యేష్ఠములోనే ఇల్లు చేరవలెనని ఈ లెక్క చెప్పును. వానకాలములో పూతలు ఆలస్యముగా ఆరునను మాటయు మరువరాదు. పండుగ వేచియుండదు, పాడ్యమినాటికి మెట్టు తడిగా ఉన్నచో బొమ్మలు పెట్టెలోనే ఉండిపోవును.

ఇంటివారితో సామరస్యమునకు కాలము ఒక్కటే చాలదు. చప్పుడు చేయు యంత్రములను మధ్యాహ్నపు నిద్రవేళ, పిల్లల పరీక్షలవేళ, రాత్రివేళ త్రిప్పరాదు; ఆ వేళలకు చేతిరంపమును, ఉలియును ఉన్నవి. పొట్టు విషయము ఇంకను ముఖ్యము. సన్నని చెక్కధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనాసంస్థ 1995లోనే వర్గీకరించినది. కావున పని బాల్కనీలోనో, తలుపు మూయగల గదిలోనో చేయుట, ముక్కునకు మంచి మాస్కు ధరించుట, తడిగుడ్డతో తుడిచి గాని లోపలికి రాకుండుట పనివాని ధర్మము. అవిసెనూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూలపడవేసినచో వాటంతటవే వేడెక్కి అంటుకొనగలవు. వానిని విప్పి ఆరుబయట పరచి ఆరనీయవలెను. ఇల్లాలు వంటింటిని ఎట్లు శుభ్రముగా ఉంచునో, తన పనిచోటును అట్లే ఉంచువానికి ఇంటిలో ఎదురుమాట రాదు. ఇక సొమ్ము. అంగడిలో మెరయు ప్రతి పనిముట్టును కొనక, ఎత్తుకొన్న పనికి కావలసినదానిని మాత్రము కొనుచు, మొదటి వస్తువులు ఇంటికి పనికివచ్చునవిగా చేసినచో, ఆ ఖర్చు వ్యర్థమని అనువారు అరుదు.

పిల్లలను పని దగ్గరకు రానీయక తరుముట పెద్ద లోపము. 1866లో ఫిన్లండు దేశము ప్రజాపాఠశాలలలో చేతిపనిని విద్యలో భాగము చేసెను. పిమ్మట స్వీడనులోని నేస్ అనుచోట ఆటో సాలమన్ ఆ పద్ధతిని పెంపొందించి, అనేక దేశముల ఉపాధ్యాయులకు నేర్పెను. 'స్లాయిడ్' అని పేరొందిన ఆ పద్ధతిలో బాలుడు చేయు ప్రతి వస్తువును ఇంటికి ఉపయోగపడవలెను; విలాసవస్తువులకు అందు చోటులేదు. గాంధీజీ 1910లో జొహానెస్‌బర్గు సమీపమున నెలకొల్పిన టాల్‌స్టాయ్ ఫారములో వడ్రంగము తెలిసిన కాలెన్‌బాక్ ఒక చిన్న తరగతి నడపగా, ఆ ఆశ్రమమునకు కావలసిన బల్లలను పెట్టెలను అచ్చటివారే చేసికొనిరి. 1937 వార్ధా సమావేశము తరువాత రూపొందిన మౌలికవిద్యా ప్రణాళికలో వడ్రంగము ఒక ప్రధానవృత్తిగా నిలిచినది. "తాతయ్యా, నేను కూడా రుద్దనా?" అని అడిగిన మనుమరాలికి ఒక చిన్న పలకయు, గరుకు కాగితపు తునకయు ఇచ్చి, నార వెంట రుద్దుట చూపిన తాత ఆ పూట తన పని కొంత తగ్గినను నష్టపోలేదు. కుటుంబమునకు ఇచ్చు కాలమును, పనికి ఇచ్చు కాలమును ఆ పూట వేరువేరు కావు.

ఇల్లు, ఊరు, ఉలి అను మూడింటిని జీవితమంతయు కలిపి నడపినవారిలో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్రముఖుడు. 1924లో జార్జియా రాష్ట్రమందలి ప్లెయిన్స్ అను చిన్న ఊరిలో, వేరుసెనగ పండించు కుటుంబమున పుట్టి, పొలములోను బడిలోను చెక్కపని నేర్చెను. 1981 జనవరిలో, ఎన్నికలలో ఓడి, వ్యాపారము అప్పులలో మునిగియుండగా, పదవి ముగించి ఇంటికి మరలు సమయమున, సహోద్యోగులు ఆయనకు ఒక జీపును కానుకగా ఈయదలచిరి. జీపుకంటె వడ్రంగపు పనిముట్లు తనకు ప్రియమని ఆయన తెలియజేయగా, ఆ సొమ్ము పనిముట్లకు వినియోగమయ్యెను; ఇంటి గరాజు కర్మశాల అయ్యెను. 30కి పైగా గ్రంథములు రచించిన ఆ వ్యక్తి వ్రాతతో అలసినపుడు లేచి కర్మశాలకు నడచెడివాడు. భార్య రోజలిన్‌తో కాపురమున్న ఇంటికి సామాను చేసెను. మనుమలకు ఊయలతొట్టెలు చేసెను. తాను ఆదివారపు బడి నడపిన మారనాథా చర్చికి కొయ్యశిలువను, కానుకపళ్లెములను చేసియిచ్చెను. తన చేతి వస్తువులను కార్టర్ సెంటరు సేవాకార్యముల నిధికై వేలమునకు సమర్పించెను.

వీటిని మించినది 'హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' అను సంస్థతో ఆ దంపతులు చేసిన సేవ. 1976లో ప్లెయిన్స్ సమీపమందలి అమెరికస్ పట్టణములో స్థాపింపబడిన ఈ సంస్థ, స్వచ్ఛందసేవకుల శ్రమతోను, ఇంటిని పొందబోవు కుటుంబపు శ్రమతోను పేదలకు గృహములు నిర్మించును. 1984లో మొదలుకొని ఆ భార్యాభర్తలు ఏటేట సుమారు ఒక వారమును దానికి కేటాయించిరి. 2006లో మన దేశమున లోనావాలా సమీపమునకును వచ్చి సుత్తి పట్టిరి. ఆ యత్నములో 14 దేశములలో 4,390 ఇండ్ల నిర్మాణమునకో మరమ్మతునకో వారు తోడ్పడిరి. 2019 అక్టోబరులో, తన 95వ ఏట, ఇంటిలో పడి కనుబొమ్మపై 14 కుట్లు పడినను, ఆ సాయంకాలమే నాష్‌విల్ నగరమున సేవకుల యెదుట నిలిచి, మరునాడు పనిచోటికి వెళ్లెను. ఆయన దీక్షతోపాటు మనము గమనింపవలసినది ఆయన పెట్టుకొన్న హద్దు. లోకమునకు ఏటేట ఒక వారము. అది ముందుగానే నిర్ణీతమైనది. దానికి భార్య తోడైనది. తక్కిన దినములు ఇంటివి, వ్రాతవి, ఊరివి. హద్దు లేని వాగ్దానము ఒక్క ఏడాదిలో వాడిపోవును; హద్దు గలది 35 ఏండ్లు నిలిచినది.

ఆస్ట్రేలియాలో 1990ల నుండి వ్యాపించిన 'మెన్స్ షెడ్' అను ఉమ్మడి కర్మశాలలును ఈ సందర్భమున స్మరింపదగినవి. ఉద్యోగవిరమణ చేసి ఇంట ఒంటరిగా కూర్చుండు పురుషులు ఒక షెడ్డులో చేరి, పనిముట్లు పంచుకొని, చిన్నబడులకు బొమ్మలు, ఊరికి బెంచీలు చేసియిచ్చుచు, ప్రక్కప్రక్కన పనిచేయుచుండగా తమ దుఃఖములనును ఒకరికొకరు చెప్పుకొనుచున్నారు. ఇట్టి షెడ్లు ఆ దేశమున వెయ్యికి పైగా కలవు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోని పెద్ద అపార్ట్‌మెంటు సముదాయములలో వాడుకలేని ఉమ్మడిగదులకు కొదువలేదు. అందొక గదిలో ఒక గట్టి బల్ల, ఒక బిగింపు, పది చేతిపనిముట్లు ఉంచినచో ఇంటింటి బాల్కనీలో పొట్టు తగ్గును, ఇరుగుపొరుగుల పరిచయము పెరుగును, సంఘపు పనియు వడ్రంగమును ఒకే గంటలో నెరవేరును.

పనితనము బయటపడిన పిదప అడుగువారును బయలుదేరుదురు. "అన్నయ్యగారూ, మా అమ్మాయి గృహప్రవేశానికి ఒక చిన్న పూజామందిరం చేసిపెడతారా? తొందరేం లేదు లెండి, వచ్చే నెల పదో తారీకుకి" అని పొరుగువారు ఆప్యాయముగా అడిగినపుడు, మొగమాటముచే వెంటనే సరేననుట పెక్కు కష్టములకు మూలము. ఆ మాట నోట వెలువడుటకు ముందు మూడు విషయములు యోచింపవలెను: చెక్క నాయొద్ద ఆరి సిద్ధముగా ఉన్నదా? ఆ తేదీలోపల నా యింటి కార్యములు ఏమున్నవి? ఈ పని చేయు పనితనము నాకు నిజముగా కలదా? మూడింటికిని నిశ్చయముగా అవుననగలిగిననే ఒప్పుకొనవలెను. లేనిచో వినయముగా కాదనుటయే స్నేహము. చెప్పిన తేదీకి అందని మందిరముకంటె, ఆనాడే విన్న కాదను మాట మేలు. మఱియొక ధర్మము కూడ కలదు. పెద్దపనిని ఉచితముగా చేసిపెట్టుట వీథిచివరి వడ్రంగి నోటి ముద్దను తీయుటయగును. తలుపులు, మంచములు, బీరువాలు అతనికి చెందవలెను. అట్టివాటిని అడుగువారిని అతనియొద్దకు పంపుటయే ధర్మము. బడి బెంచీ కాలు బిగించుట, గుడిలో దీపపు పీట చేయుట, వృద్ధాశ్రమమునకు ఒక ఎత్తుపీట ఇచ్చుట, ఇవి తీరికవేళల పనివానికి తగిన సేవలు. ఊరి వడ్రంగియొద్దకు వెళ్లి ఉలి నూరుట నేర్చుకొన్నచో ఆయనకు గౌరవము, మనకు విద్య.

కావున ఉలి చేపట్టిన సోదరీసోదరులకు నా మనవి ఒక్కటే. రాబోవు పని మొదలుపెట్టుటకు ముందు ఇంటివారందరితో కూర్చుండి, క్యాలెండరులో ముందుగా వారి దినములను గుర్తింపుడు. పిమ్మట ఊరికి ఏడాదిలో ఎన్ని దినములు ఈయగలరో నిర్ణయించి గుర్తింపుడు. మిగిలినవానిలో విడువరాని పనిని పెట్టుకొనుడు. ఒక పని ముగియక రెండవది ఎత్తుకొనకుడు. ఎత్తుకొన్నదానిని, ఎంత చిన్నదైనను, చక్కగా ముగించి, వాడుకొనువారి చేతిలో పెట్టుడు. ఇట్లు నడచుకొన్నవాని పనిముట్లు అటుకెక్కవు, అతని యింటివారు అతనికి దూరము కారు.